మన పేర్లు, మన పూర్వుల పేర్లు



ఈ శతవార్షిక సంచికలో గుడులు కట్టిన చరిత్రను, బడులు, ఆసుపత్రులు వెలసిన చరిత్రను, మన మధ్య సేవ చేసిన గురువుల చరిత్రను వ్రాయగలవారు చాలామంది ఉన్నారు. మేము ఎత్తుకున్నది అంతకన్న చిన్న సంగతి. అది మన పేర్లను గూర్చినది. ఆదివారమునాడు వివాహ ప్రకటనలు చదివేటప్పుడు, బాప్తిస్మమునకు తెచ్చిన బిడ్డను గురువుగారు చేతిలోనికి తీసుకొని పేరు అడిగినప్పుడు, మనము వినే పేర్లు ఎక్కడనుండి వచ్చినవి? వాటిలో మనవి ఏవి, మనకు ఇతరులు పెట్టినవి ఏవి?

ఈ ప్రశ్న మాకు పుస్తకాల వలన పుట్టినది కాదు. మా బాపమ్మ సమాధి వలన పుట్టినది. ఆమె ప్రభువునందు నిద్రించిన రెండేండ్లకు సమాధి మీద రాయి వేయించుదామని అనుకున్నాము. రాయి వచ్చినది, చెక్కేవాడు కూడ వచ్చినాడు. అప్పుడు మొదలైనది తగవు. సంఘపు రిజిస్టరులో ఆమె పేరు జీవమ్మ. ఊరంతటికీ ఆమె పెంటమ్మ. మా చిన్నాయన సంఘపెద్ద. గుడి తోటలో ఉండే రాయి మీద పెంట అన్న మాట ఎట్లా చెక్కిస్తామని ఆయన పట్టుబట్టినాడు. మా మేనత్త ఊరుకోలేదు. "జీవమ్మ అంటే ఎవరని ఊరోళ్లు అడిగితే ఏం చెప్పాలె? మా అవ్వ పెంటమ్మనే," అన్నది. చెక్కేవాడు ఉలి పక్కన పెట్టి బీడీ ముట్టించినాడు. ఆనాటికి పని జరుగలేదు. ఆ తగవు తీరేలోపల మేము పెద్దలను అడిగినవి, చదివినవి, తలపోసినవి ఇక్కడ వ్రాస్తున్నాము.

కరీంనగర్ వైపు మనిషి పేరు వింటే అతని ఇంటివారు ఏ గుట్టకు మ్రొక్కినారో చెప్పవచ్చునని మా బాపు అంటుండేవాడు. అది చాలావరకు నిజము. వేములవాడ రాజన్నకు మ్రొక్కుకొనగా పుట్టినవాడు రాజయ్య, రాజేశం, రాజమల్లు. ఆడపిల్ల అయితే రాజవ్వ. కొండగట్టు అంజన్న పేర అంజయ్య. ఓదెల మల్లన్న పేర ఓదెలు. ఈ పేరు మన ప్రాంతము దాటితే వినిపించుట అరుదు. కొమురవెల్లి మల్లన్న పేర కొమురయ్య, కొమురవ్వ. ఐనవోలు మల్లన్న పేర ఐలయ్య, ఐలమ్మ. మేడారం జాతరకు బండ్లు కట్టుకొని పోయే ఇండ్లలో సమ్మయ్య, సమ్మక్క, సారక్క. గోదావరి ఒడ్డు ఊళ్లలో గంగయ్య, గంగారాం, గంగవ్వ. ఊరి పోచమ్మ పేర పోశం, పోచయ్య, పోచవ్వ. పేరు చివర 'అవ్వ' వినబడితే ఆ మనిషి మనవైపు మనిషేనని కోస్తా జిల్లాలవారు కూడ గుర్తుపట్టుదురు.

ఈ మ్రొక్కులు గుడులతో ఆగలేదు. వరంగల్ వైపు పర్వతగిరి దగ్గరి అన్నారంలో యాకూబ్ బాబా దర్గా ఉన్నది. ఆ దర్గాకు మ్రొక్కిన హిందువుల ఇండ్లలో పిల్లలకు యాకయ్య, యాకమ్మ అని పేర్లు పెట్టుదురు. యాకూబ్ అనగా మన పరిశుద్ధ గ్రంథములోని యాకోబే. బాప్తిస్మము పొందని, కల్మా చదవని ఇండ్లలో సయితము ఇస్సాకు చిన్న కుమారుని పేరు ఎద్దులు తోలుతూ, నాట్లు వేస్తూ తిరుగుచున్నది. ఆ యాకయ్యకు ఈ సంగతి తెలియదు, ఆ మాటకొస్తే మనలో యాకోబు అను పేరుగల వారికి కూడ తెలియదు.

మన పట్టణాల పేర్లు కూడ ఇటువంటివే. కరీంనగరమునకు ఆ పేరు సయ్యద్ కరీముద్దీన్ అను కిల్లేదారు వలన వచ్చినదని చెప్పుదురు. అంతకుముందు జిల్లాకు ముఖ్యపట్టణము ఎలగందుల. 1905లో ఆ స్థానము కరీంనగరమునకు వచ్చినది. ఎదులాపురమునకు ఆదిలాబాదు అను పేరు బీజాపూరు ఆదిల్ షాల వలన వచ్చినదని చెప్పుదురు. కరీం అనగా అరబ్బీలో దాతృత్వము గలవాడు, ఆదిల్ అనగా న్యాయము తప్పనివాడు. 2016లో ఈ రెండు జిల్లాలను విభజించినప్పుడు క్రొత్త జిల్లాలలో ఒకదానికి రాజన్న పేరు, ఇంకొకదానికి కొమురం భీం పేరు చేర్చినారు. మనుష్యులకు ఊరి దేవుని పేరు, ఊళ్లకు మనుష్యుల పేరు. ఈ ఇచ్చిపుచ్చుకొనుట నేటికిని ఆగలేదు.

ఇక పెంటమ్మ పేరు సంగతి. ఇది ఎగతాళి పేరు కాదని పెద్దలందరికి తెలుసు, గాని పట్నములో పెరిగిన మన పిల్లలకు తెలియదు గనుక వ్రాస్తున్నాము. పుట్టిన బిడ్డ పుట్టినట్టే చనిపోతుంటే, తరువాత పుట్టిన బిడ్డను ఇంటి వెనుక పెంటకుప్ప మీద ఒక్క క్షణము పడుకోబెట్టి, పరాయివారి చేత ఎత్తించి, పారవేసిన బిడ్డను తెచ్చుకున్నట్టుగా ఇంట్లోకి తెచ్చుకొనేవారు. ఎవరికీ అక్కరలేని బిడ్డ అని తలచి మృత్యువు కూడ దాని జోలికి రాదని ఆ తల్లుల ఆశ. అట్లా పుట్టినవే పెంటయ్య, పెంటమ్మ పేర్లు. భిక్షమడిగి తెచ్చుకున్నట్టు భిక్షపతి, బిచ్చయ్య. శ్రీకాకుళం, విజయనగరం వైపు బిడ్డను తవుడుకు అమ్మి తిరిగి కొన్నట్టు తవిటయ్య, తవిటమ్మ. మా బాపమ్మకు ముందు పుట్టిన వారు నలుగురు; ఒక్కరును బ్రతుకలేదు.

ఇది మన పల్లెల మూఢత్వము మాత్రమే అనుకొనరాదు. చీనా దేశపు పల్లెలలో ముద్దుబిడ్డకు కుక్క పేరు కలిపి పిలిచేవారు, ఉద్దేశము ఇదే. ఆఫ్రికాలో నైజీరియా దేశపు యోరుబా జనులు, పలుమార్లు బిడ్డలను పోగొట్టుకున్న ఇంట్లో, తరువాతి బిడ్డకు 'మలోమో' అని పేరు పెట్టుదురు. ఇక వెళ్ళిపోకు అని దాని అర్థము. 'కోకుమో' అని మరొక పేరు ఉన్నది. ఇక చావడు అని. సముద్రాల ఆవల, మన భాష ఒక్క ముక్క తెలియని తల్లి, మా ముత్తవ్వ చేసిన పనినే చేసినది. బిడ్డల చావు ఎక్కడ ఎక్కువో అక్కడ ఇటువంటి పేర్లు ఎక్కువ. మన ప్రాంతములో ఈనాడు పెంటమ్మ అని పేరు పెట్టేవారు కనబడరు. ఆ పేరు పోవుటకు టీకాలు వేసిన నర్సమ్మలు కూడ ఒక కారణమని మా నమ్మకము.

పేరు పెట్టుట ఒకటి, ఆ పేరుతో పిలువబడుట వేరొకటి. మల్లయ్య అని తల్లి పెట్టుకున్న పేరును దొర గడి ముందర మల్లయ్య అని పిలిచినవారు లేరు. అక్కడ వాడు మల్లిగాడు. లచ్చయ్య లచ్చిగాడు, పోచవ్వ పోచి, ఎల్లవ్వ ఎల్లి. వయసుతో పని లేదు. మనుమలున్న ముసలివానిని పదేండ్ల దొరబిడ్డ అట్లాగే కేకవేసేవాడు, ముసలివాడు "నీ బాంచన్" అని పరుగెత్తేవాడు. నిజాం కాలపు వెట్టిచాకిరిని గూర్చి చరిత్ర పుస్తకాలలో ఎంత ధాన్యము, ఎన్ని దినాల పని అని లెక్కలు ఉన్నవి. పేరు చివరనుండి ఊడబెరికిన 'అయ్య'కు ఎవరును లెక్క కట్టలేదు.

ఆ 'అయ్య'ను తిరిగి సంపాదించుటకు మన పూర్వులు వేర్వేరు దారులు తొక్కినారు. హైదరాబాదులో 1888లో మాదరి భాగయ్య అను ఒక మాల పిల్లవాడు పుట్టినాడు. ఈ నేలకు మొదటి ఏలికలు మీరే అని చెప్పి వారి ఇంటి గురువు అతని పేరుకు రెడ్డి అని చేర్చినాడు. 1913లో ఆర్యసమాజము వారు వర్మ అని బిరుదు ఇచ్చినారు. ఆయనే ఆది హిందూ ఉద్యమమును నడిపిన భాగ్యరెడ్డి వర్మ. పై కులాల వారి పేర్లను ఎదురుగా నిలబడి తీసుకొనుట ఆయన దారి. మన పూర్వులలో చాలామంది తొక్కినది ఇంకొక దారి.

పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగములో వెస్లియన్ మెథడిస్టు మిషను వారు మన వైపు పని మొదలుపెట్టినారు. వాడలలో కుటుంబాలకు కుటుంబాలు బాప్తిస్మము పొందినప్పుడు పేర్లు కూడ మారినవి. ఒక పల్లె సంఘములో ఉన్న పాత రిజిస్టరును మేము చూచినాము. అట్ట ఊడిపోయినది, అంచులు చెద తిన్నవి. ఒక గడిలో పాత పేరు, దాని పక్క గడిలో క్రొత్త పేరు. లచ్చిగాడు పక్కన యోహాను. పోచి పక్కన మార్త. ఎల్లి పక్కన కృపమ్మ. పాత పేరు గడిలో వ్రాసిన ఉపదేశికి కూడ 'గాడు' అని వ్రాయుట తప్పుగా తోచలేదు; ఊరిలో పిలిచేది అదే గనుక అదే వ్రాసినాడు. కాని రెండవ గడిలో ఒక్క 'గాడు' కూడ లేదు. అది చూచి మేము చాలాసేపు పుట తిప్పలేదు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. హెబ్రీ పేర్లలో చాలావాటికి చివర 'యా' అని ఉన్నది. అది యెహోవా నామమునకు పొట్టి రూపము. జెకర్యా అనగా యెహోవా జ్ఞాపకము చేసుకొనెను అని, ఓబద్యా అనగా యెహోవా సేవకుడని, అజర్యా అనగా యెహోవా సహాయము చేసెనని అర్థము. ఈ పేర్లు తెలుగువాని నోటబడి జకరయ్య, యెషయ్య, అజరయ్య అయినవి. దేవుని నామము మన 'అయ్య'గా మారినది. ఇది రెండు భాషల ధ్వనులు కలియుట వలన జరిగినదే గాని వేరు సంబంధము లేదు. అయినను గడి ముందర 'గాడు' అనిపించుకున్న వానికి ఊడదీయుటకు వీలులేని 'అయ్య' ఒకటి దొరికినది. (ఓబయ్య అను పేరు మాత్రము ఓబద్యా నుండి వచ్చినది కాదు; అది అహోబిలము నరసింహుని పేరు. మా మిత్రుడొకడు ఈ విషయమై మాతో పందెము కట్టి ఓడినాడు.)

అజరయ్య అనగానే మన పెద్దలకు దోర్నకల్ బిషప్పు గారు గుర్తుకు వచ్చుదురు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874లో తిరునెల్వేలి ప్రాంతములోని వెళ్లాలన్‌విళై గ్రామములో పుట్టినారు. తండ్రి తోమా వేదనాయగం గారు అక్కడ గురువు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు అయినారు. ఆయన పేరును విప్పి చూడండి. మొదట తండ్రి పేరు, వేదమునకు నాయకుడని అచ్చమైన మన దేశపు మాట. తరువాత శామ్యూల్, ఇంగ్లీషు ఉచ్చారణతో వచ్చిన హెబ్రీ పేరు. చివర అజర్యా, యెహోవా సహాయము. ఒక్క మనిషి పేరులో మూడు దేశాలు ఉన్నవి.

అజర్యా అన్న అర్థమునే మన దేశపు మాటలో చెప్పితే దేవసహాయం. గ్రీకువారు నోరు తిప్పితే లాజరు. అది ఎలియాజరు అను హెబ్రీ పేరుకు పొట్టి రూపము, అర్థము దేవుడు సహాయము చేసెనని. కన్యాకుమారి ప్రాంతములో 1745లో బాప్తిస్మము పొందిన నీలకంఠ పిళ్లై గారికి లాజరు అను పేరునే తమిళములో దేవసహాయం అని పెట్టినారు. 2022లో రోమను కతోలిక సంఘము ఆయనను పరిశుద్ధుడని ప్రకటించినది. 1978లో కరీంనగర్ డయోసిస్ ఏర్పడినప్పుడు మన మొదటి బిషప్పు గారి పేరు కూడ దేవసహాయమే. తరువాత ఆ పీఠము మీద సూర్యప్రకాశ్ అను పేరుగల వారు కూర్చున్నారు, రూబేను మార్కు అను పేరుగల వారును కూర్చున్నారు. సూర్యుని పేరును బట్టి ఎవరును ఆక్షేపించినట్టు మేము వినలేదు.

సేవకుడు అన్న అర్థము కూడ ఇట్లాగే ఇల్లిల్లు తిరిగినది. మనవారిలో దేవదాసు, హెబ్రీలో ఓబద్యా, ముసల్మానులలో అబ్దుల్లా. మూడింటికి అర్థములో ఇంచుమించు తేడా లేదు. ఓబద్యా, అబ్దుల్లా పేర్లలోని మొదటి ముక్కకు మూలధాతువు కూడ ఒక్కటే. కరీంనగర్ బజారులో ఒకే వరుసలో దావీదు కొట్టు, దావూద్ కొట్టు ఉంటే ఉండవచ్చును. యోసేపు యూసుఫ్, మరియ మర్యం, సొలొమోను సులేమాన్. మన తాతల కాలమున గ్రంథములోని తెలుగు రూపమే వాడుక: యోహాను, యాకోబు, పేతురు. తరువాతి తరము ఇంగ్లీషు రూపానికి మారి జాన్, జేమ్స్, పీటర్ అయినారు. యాకోబు, జేమ్స్ అన్నదమ్ములుగా పెరిగిన ఇల్లొకటి మాకు తెలుసు. ఇద్దరిదీ ఒకటే పేరని ఆ తండ్రికి ఎవరును చెప్పలేదు, ఇప్పుడు చెప్పి లాభము లేదు. నేటి బ్లెస్సీలు, షారోన్‌ల సంగతి వారి పిల్లలు వ్రాసుకొందురు గాక.

ఇదంతా మైదానపు ఊళ్ల మాట. గోదావరి దాటి ఆదిలాబాదు అడవులకు పోతే పేరు చేసే పని వేరు. అక్కడ గోండు సోదరులలో మొదట వినబడేది మనిషి పేరు కాదు, గోత్రము పేరు. మెస్రం, ఆత్రం, మడావి, సిడాం, పెందూర్, కొమురం. పహండి కుపార్ లింగాల్ అను వారి ఆదిగురువు వారిని నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వారిగా విభజించినాడని వారి పురాణము. 1940లలో వారి మధ్య నివసించి పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్ దొర ఈ సంగతులను విస్తారముగా వ్రాసినాడు. ఒకే సంఖ్య దేవతల వారి మధ్య పెండ్లి జరుగదు. కనుక ఇద్దరు అపరిచితులు కలిసి గోత్రము చెప్పుకున్న వెంటనే వారు అన్నదమ్ముల వరుసా, వియ్యపు వరుసా తేలిపోవును. 1940లో జోడేఘాట్ దగ్గర నైజాం పోలీసుల తూటాలకు కూలిన కొమురం భీం పేరులో మనము తలచుకొనేది భీం అను మనిషిని. వారికి కొమురం అను మాట కూడ అంతే ముఖ్యము.

కేస్లాపూర్ నాగోబా జాతర మెస్రం వారిది. ఆ గోత్రములోనికి క్రొత్తగా వచ్చిన కోడండ్రను తెల్లబట్టలతో దేవుని ముందుకు తెచ్చి పరిచయము చేయుదురు. దానిని భేటింగ్ అందురు. అప్పటినుండి ఆమె ఆ గోత్రపు మనిషి. మన గుడిలో రిజిస్టరు మీద వ్రాలు పెట్టించుట వంటిదే ఇది, కాగితము లేదు అంతే. అట్లాంటి వారిలో నుండి వచ్చిన విశ్వాసులకు పేరు మార్చునప్పుడు గోత్రపు పేరును ముట్టుకొనుట ఎంత పెద్ద పని అగునో మన సువార్తికులు ఆలోచించాలి. ఆ ఒక్క మాట తీసివేస్తే వారి బిడ్డకు ఎవరిని అన్న అని పిలవాలో తెలియకుండా పోవును.

ఇప్పుడు అసలు ప్రశ్న. బాప్తిస్మమునకు పేరు మార్చుట తప్పనిసరియా? మన పెద్దలలో చాలామంది అట్లే తలచినారు, మా చిన్నాయన నేటికిని అట్లే తలచును. అబ్రాము అబ్రాహాము కాలేదా, యాకోబు ఇశ్రాయేలు కాలేదా, సౌలు పౌలు కాలేదా అని ఆయన అడుగును. మొదటి రెండును నిజమే. ఆ పేర్లు దేవుడు స్వయముగా మార్చినవి. సౌలు సంగతి మాత్రము జాగ్రత్తగా చదవాలి. దమస్కు మార్గములో అతని పేరు మారలేదు. అటు తరువాత చాలాకాలము గ్రంథము అతనిని సౌలనియే పిలుచుచున్నది. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయములో కుప్రకు పోయినప్పుడే అతనికి పౌలను పేరు కూడ ఉన్నట్టు తెలియుచున్నది. యూదులలో ఒక పేరు, రోమీయులలో ఒక పేరు. మన పిల్లలకు ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి ఉన్నట్టే.

రోమా పత్రిక చివరి అధ్యాయము చూడండి. పేర్ల పట్టిక అని మనము తొందరగా దాటిపోయే అధ్యాయము అది. కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబే పేరు గ్రీకుల పురాణములో ఒక దేవతది. హెర్మే అన్నది వారి వార్తాహరుడైన దేవుని పేరే. నేరియ వారి సముద్రదేవత పేరు. ఇతర పత్రికలలో కనబడే ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితి అను దేవత ఉన్నది; వాక్చాతుర్యము గల అపొల్లో పేరులో అపొల్లో దేవుడు ఉన్నాడు. వీరిలో ఒక్కరి పేరునైనను పౌలు మార్చినట్టు లేదు. ఆ పత్రికను చేత్తో వ్రాసిన తెర్తియు పేరునకు మూడవవాడని, క్వర్తు పేరునకు నాలుగవవాడని అర్థము. బానిసలకు లెక్క చొప్పున పెట్టే పేర్ల వంటివి. ఒనేసిము అనగా పనికివచ్చేవాడు. ఆ పేరు కూడ బానిసకు తగినట్టు పెట్టినదే. పౌలు అతనికి పేరు మార్చలేదు, ఆ పేరు మీదనే చమత్కరించి, అతనిని సహోదరునిగా చేర్చుకొమ్మని యజమానికి వ్రాసినాడు.

పేర్లు బలవంతముగా మార్చినవాడు గ్రంథములో ఒకడున్నాడు. బబులోను రాజు చెరపట్టిన నలుగురు యౌవనస్థులకు అతని నపుంసకుల అధిపతి క్రొత్త పేర్లు పెట్టినాడు. దానియేలు బెల్తెషాజరు అయినాడు. మనము చెప్పుకున్న అజర్యా పేరుగల ఇంకొక యువకుడు అబేద్నెగో అయినాడు. చెరపట్టినవాడు మొదట చేయి వేసేది పేరు మీదనే. గడిలోని దొర చేసినదీ ఇదే. కాబట్టి మేము చెప్పేది ఇంతే: పేరు మారినదా లేదా అన్నది కాదు చూడవలసినది, ఎవరు మార్చినారు, ఎవరి కోరిక మీద అన్నది. లచ్చిగాడు యోహాను అగుటకు తానే చేయి ఎత్తినాడు. అతని తరువాత వచ్చిన ప్రతి లచ్చయ్యకు అదే చేయాలని నియమము లేదు.

ఈ మాట పంతము కొరకు వ్రాయుట లేదు. దీని వలన మన ఇండ్లలో జరుగుచున్న నష్టము చిన్నది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందువులు కానివారు షెడ్యూల్డు కులముల వారుగా లెక్కింపబడరు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అందులో చోటు దొరికినది గాని మనకు దొరకలేదు. మన రాష్ట్రములో క్రైస్తవులైన షెడ్యూల్డు కులముల వారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా ఉంచినారు. దానికి ఉన్న వాటా నూటికి ఒకటి. గిరిజనులకు ఈ మతపు అడ్డు లేదు. అందుచేత బడిలో రాజయ్య, గుడిలో యోహాను అను రెండు పేర్ల బ్రతుకు ఎన్ని కుటుంబాలలో నడుచుచున్నదో మనకందరికి తెలుసు, బయటికి అనము. అది అబద్ధమని వేలు చూపేవారు, ముందు ఆ ఉత్తరువు వైపు చూపాలి.

మాకు తెలిసిన ఒక విధవరాలు భర్త పింఛను కొరకు ఏడాదికి పైగా తిరిగినది. సర్వీసు పుస్తకములో అతని పేరు మల్లయ్య. గుడిలో ఇచ్చిన వివాహ ధృవపత్రములో మార్కు. ఇద్దరూ ఒకడేనని రుజువు చేయమని కార్యాలయము వారు అడిగినారు. పంచాయతీ వారి కాగితము, ఇరుగుపొరుగు వారి సాక్ష్యము, వకీలు వ్రాసిన ప్రమాణపత్రము, ఇన్ని పెట్టిన తరువాత గాని పని జరుగలేదు. "నలభై ఏండ్లు ఒక్కనితోనే కాపురం చేసిన, ఇద్దరంటరు," అని ఆమె మా ఇంటి అరుగు మీద కూర్చొని ఏడ్చినది. వివాహపు రిజిస్టరులో పాత పేరు కూడ ఒక్క మాట వ్రాసి ఉంటే ఇంత దూరము వచ్చేది కాదు. పాస్టరేట్లవారు పాత రిజిస్టర్లను క్రొత్తగా అట్టవేయించి ఎత్తి వ్రాయించునప్పుడు మొదటి గడిని వదలివేయుచున్నారని విన్నాము. ఆ గడిని వదలవద్దని కమిటీలవారిని బ్రతిమాలుకొంటున్నాము. 'గాడు' అన్నచోట కూడ ఉన్నది ఉన్నట్టే వ్రాయించండి.

ఇంతకు మా బాపమ్మ రాయి సంగతి. మేము మా మేనత్తను కూర్చోబెట్టి, బాప్తిస్మమునాడు ఏమి జరిగినదో బాపమ్మ చెప్పినది చెప్పినట్టు చెప్పుమన్నాము. అప్పటికి బాపమ్మకు పది పన్నెండేండ్లు ఉంటవి. గురువుగారు పేరు అడిగితే పెంటమ్మ అన్నది. ఆయన నవ్వలేదు. ఈ పేరు ఎందుకు పెట్టినారని తల్లిని అడిగినాడు. తల్లి చెప్పినది. నలుగురు పోయిన సంగతి, పెంటకుప్ప సంగతి, పరాయి చేతులతో ఎత్తించిన సంగతి అంతా విని, ఆయన కొంతసేపు ఊరకుండి, "అయితే బ్రతికినది గదా, జీవమ్మ," అన్నాడట. తల్లి అప్పుడు, "మరి పాత పేరు తీసేస్తే నా మొక్కు ఏమైతది అయ్యగారూ?" అని అడిగితే, "ఇంట్లో నీకు ఇష్టమైనట్టు పిలుచుకో అమ్మా," అన్నాడట.

అది విని మా చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. రెండు పేర్లకు అర్థము ఒకటేనని ఆయనకు ఎవరును చెప్పనక్కరలేకపోయినది. మరునాడు తానే పోయి చెక్కేవానిని పిలుచుకొని వచ్చినాడు. 'జీవమ్మ అను పెంటమ్మ' అని కాగితము మీద వ్రాసి ఇచ్చినాము. అతడు కాగితము అటు ఇటు తిప్పి, "ఇద్దరా సార్, ఒక్కరేనా?" అని అడిగినాడు. ఒక్కరే అన్నాడు మా చిన్నాయన. అక్షరాల లెక్కన కూలి తీసుకున్నాడు. 'అను' అన్నదానికి మాత్రము తీసుకోలేదు.